చల్లని పూత

కానిస్టేబుల్ ఉద్యోగాల పరుగు పరీక్షలో, మండుటెండలో, చివరి చుట్టులో పడిపోయిన ఆమె శ్రీకాకుళం ఆసుపత్రిలో కళ్లు తెరిచింది. భర్త తడిగుడ్డతో ఆమె ఒంటి మీది జిగురు తుడుస్తున్నాడు.

“సల్లగా ఉంటాదనే కదే ఒళ్లంతా ఆ జెల్ రాసినాను.”

“సల్లగానే ఉన్నాది బావా. పైకి సెమట రానీలేదు, లోపల ఏడి తెలీనీలేదు. తెలిస్తే జోరు తగ్గించీదాన్ని.”

“మళ్లీ పరీక్ష పెడతారులే.”

“అప్పటికి నా వయసు దాటిపోతాది.”

అతని చెయ్యి ఆగింది.

“ఏటీ రాయొద్దని మీ కోచ్ ముందే సెప్పినాడంట. మరి నన్నెందుకు ఆపలేదు?”

ఆమె కాళ్లు దగ్గరికి ముడుచుకుంది.

“పెళ్లయిన కాడినుంచి నువ్వు కూకుని నా కాళ్లకీ, ఒంటికీ మర్దనా సెయ్యడం అదే మొదలు. ఆపబుద్ధి కాలేదు.”