సత్తమ్మ పేరు రాసిన ముప్పై నలుగురు

"చెప్పొద్దుగనీ..." అని సాంబయ్య మొదలువెట్టిండంటే మందమర్రిల లింగవ్వ చాయ్ హోటల్‌కెల్లి ఒక్కడు లేవడు. పొద్దటి షిఫ్టు దిగొచ్చినోళ్లు ముఖాల బొగ్గు గూడ కడుక్కోకుంట బల్లల మీద సర్దుకున్నరు. లింగవ్వ మొగడు కొమురెల్లి ఒక్కడే గోడకు తల ఆనిచ్చి, మూలకు కూసున్నడు.

పోయినేడు గనిల పైకప్పు పెళ్ల తల మీద వడ్డకాంచి కొమురెల్లి ఉన్నకాడనే కండ్లు తిరిగి వడిపోతుండు. సాంబయ్య అక్కబిడ్డ సత్తమ్మ బెంగుళూరుల మెదడు ఫోటోలు తీసే డాక్టరు. కొమురెల్లిని తోల్కరమ్మని సాంబయ్యకు జాబు రాసింది. రేపే రైలు. ముప్పై ఏండ్లు గనిల దిగిన కొమురెల్లి, "ఆ ఫోటో మిషన్ సొరంగంల నేను తల వెట్ట" అని మొండికేసిండు. లింగవ్వ ఏడ్చి ఏడ్చి ఊకున్నది.

"చెప్పొద్దుగనీ, మా సత్తమ్మ ఒక్కటంటే ఒక్క వ్యాసం రాసింది. తల కొయ్యకుంట, లోపటి మెదడును పొరలు పొరలుగ ఫోటో తీసి, గిదీ సంగతని రాసింది. దాన్ని లండన్‌ల ఒక దొర సదివి, 'గీ ముచ్చట మొదలు సత్తమ్మ జెప్పింది' అని తన వ్యాసంల ఆమె పేరు వెట్టుకున్నడు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైందే?" అన్నడు షిఫ్టు దిగొచ్చిన రాజం.

"జర చాయ్ తాగనియ్యవయ్యా! ఒకడు రాస్తె పదిమంది రాసిండ్రు. పది వందాయె, వంద పదివేలాయె. ఎవడు ఎవని పేరు రాసిండో అచ్చేసే లావు పుస్తకం ఒకటున్నది, అండ్ల సగం మా పిల్ల పేరే. మోసిన లారీ కమాను ఇరిగింది. రష్యాల ఒక ముసలాయన ఆమె పేరు రాసీ రాసీ దేశంల సిరా అయిపోయింది. బడి పోరగాండ్లకు పరీక్షలు బంద్!"

"అబ్బో!"

"అబ్బో అంటవేంది, ఇను. మొన్న ఒకని మెదడు ఫోటో తీసింది. అండ్ల వాని చిన్నప్పటి బర్రె, బర్రె మెడల గంట గూడ వడ్డయి. ఫోటో చెవికి ఆనిచ్చుకుంటె గంట గణగణ ఇనవడ్డది! ఎవని మెదడనుకున్నరు? నాదే! ఆ మిషన్ల మూడు దినాలు రెప్ప గొట్టకుంట పండుకున్న."

కొమురెల్లి తల గోడ ఇడిసి ముందుకొచ్చింది. "భయం గాలేదా సాంబయ్యా?"

"భయమా? నాకా?"

గనిల బొగ్గు టబ్బులు లెక్కవెట్టే అంతయ్య దగ్గిండు. సాంబయ్యకు సదువు రాదు, వచ్చిన ప్రతి జాబు అంతయ్యనే సదివి పెడ్తడు. జేబులకెల్లి సత్తమ్మ జాబు తీసి గట్టిగ సదివిండు.

"'మామా, పోయినసారి మిషన్ చప్పుడుకు నువ్వు గేటు దాక ఉరికినవు. నీ చెప్పులు నా దగ్గరనే ఉన్నయి. కొమురెల్లి మామ అరగంట కదలకుంటె చాలు, మెదడుల దెబ్బ ఏడున్నదో కనవడ్తది. నువ్వడిగినవని రాస్తున్న, నా వ్యాసాలు పదకొండు. తమ వ్యాసాలల్ల నా పేరు రాసినోళ్లు ముప్పై నలుగురు.'"

హోటల్ అంత పగలవడి నవ్వింది. సాంబయ్య ముఖం చిన్నగయింది. కొమురెల్లి ఒక్కడే నవ్వలే.

"ముప్పై నలుగురా?" అన్నడు మెల్లగ.

గనిల ఎవడు నింపిన టబ్బు మీద వాడే సుద్దముక్కతోని తన నంబరు రాసుకుంటడు, ఆ లెక్కనే కూలి. నంబరు తుడిసిండని అన్నదమ్ములే తలలు పలగ్గొట్టుకున్నరు.

"తన టబ్బు మీద ఇంకొకని నంబరు రాసినోన్ని నా జన్మల సూడలే," అన్నడు కొమురెల్లి. "ముఖం సుత తెల్వనోళ్లు, ముప్పై నలుగురు, మన పిల్ల పేరు రాసిండ్రా!"

నవ్వులు ఆగినయి. అంతయ్య గూడ కాయితం దిక్కు మల్లొక్కసారి జూసిండు.

"రాసిండ్రు కొమురెల్లీ," అన్నడు సాంబయ్య. "గదొక్కటి కోత గాదు."

కొమురెల్లి లేసి నిలవడ్డడు. "లింగవ్వా, నా కొత్త తువ్వాల సంచిల వెట్టు." గడప దాటుకుంట సాంబయ్య దిక్కు తిరిగిండు. "నువ్వు గూడ రావాలె. చెప్పులు తెచ్చుకుందువు."