అక్క చెప్పిన జవాబులు

ఎవరూ, ఈ ఫొటోలో ఉన్నదా? ఇలా తే, చూడనీ. మా అక్కే, తల్లీ. నువ్వు పుట్టకముందే పోయింది. టైపు నేర్పేది. వేళ్ళు చూశావా, అన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి, కీళ్ళవాతం. ఆ వేళ్ళతోనే ఎంతమందికి నేర్పిందో... కాదు కాదు, అప్పటికి మానేసిందనుకుంటా. ఏదో ఒకటిలే. పక్కన మా బావ. నోట్లో నాలుక లేని మనిషి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ప్రశ్నలు చదివేది. ‘బట్టలు వేసుకోగలరా? జుట్టు దువ్వుకోగలరా? సీసా మూత తీయగలరా?’ సులువుగానా, కష్టంగానా, అసలు రాదా, మూడింట్లో ఒకటి చెప్పాలి. దాన్నిబట్టే మందు. మా అక్క అన్నిటికీ ఒకటే మాట, ‘ఓ, సులువుగా.’ డాక్టరమ్మ ఉండబట్టలేక ఓ సీసా చేతికిచ్చి, ‘ఏదీ, తీయండమ్మా’ అంది. అక్క చెయ్యి పక్కకి చాపింది, అంతే. పక్కనే ఉన్న బావ అందుకుని, మూత తిప్పి, మళ్ళీ అక్క చేతిలో పెట్టాడు. ‘తీశానుగా’ అంది! వేళాకోళం కాదే, నిజంగానే. ‘మరి ఇంకొకరి సాయం ఉందిగా’ అంటే, ‘సాయమేంటండీ, ఆయన మా ఇంటాయన’ అని కోప్పడింది.

తర్వాత బావ పోయాడు. గుండె. నేను తీసుకెళ్ళాను అక్కని. అప్పటికి డాక్టరమ్మ లేదు, ఎవరో కుర్ర డాక్టరు. అవే ప్రశ్నలు. అన్నిటికీ ‘రాదు’ అంది. ‘అయ్యో, ఒక్క ఏడాదిలో ఇంత ముదిరిందా!’ అని మందు పెంచేశాడు. కడుపులో మంట, వాంతులు, మనిషి సగమైపోయింది. మళ్ళీ పరుగెత్తాం. వేళ్ళు పట్టి చూసి, పాత కాగితాలు తిరగేసి, ‘వాపు అప్పుడెంతో ఇప్పుడూ అంతే. ఏది అబద్ధమండీ, అప్పటిదా, ఇప్పటిదా?’ అని నన్నడుగుతాడు! నాకేం తెలుసు? మందు తగ్గించాడులే. బయటికొచ్చి అక్కనడిగితే కస్సుమంది. ‘అప్పుడు వచ్చేది, ఇప్పుడు రాదు. అబద్ధమెందుకు చెబుతానురా?’

ఇంకేం చేస్తాను, మా ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దున్నే జడ నేనే వేసేవాణ్ణి. ఎంత బిగించినా మధ్యాహ్నానికి ఊడిపోయేది. ‘మీ బావ చెయ్యి కాదురా ఇది’ అనేది. సరే, మళ్ళీ ఆసుపత్రి. ‘జుట్టు దువ్వుకోగలరా అమ్మా?’ అన్నాడు డాక్టరు. అక్క నాకేసి చూసి, ‘కష్టంగా’ అంది.

ఎవరికి కష్టమో మరి. నాకా, తనకా... ఏమో.

ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా.