గులాబీ రంగు మందు

హలో… ఆ, నేనే.

నేనే అత్తయ్యా, మీ కోడల్ని. … రాంగ్ నంబరేం కాదు. మీకే చేశా.

తెలుసు, మనం మాట్లాడుకోవట్లేదు. తెలిసే చేశా. … అలకలు తర్వాత పడదాం. ఒక్క నిమిషం పెట్టెయ్యకండి, దణ్ణం పెడతా.

… ఉన్నారు. ఆసుపత్రిలోనే ఉన్నాం. పొద్దున మళ్ళీ దగ్గులో రక్తం పడింది.

… కాదు, ఈసారి చారలు కాదు. ఎక్కువే. గిన్నె పట్టా… సరిపోలేదు.

ఏడవకండి. మీరు మొదలుపెడితే నేనూ మొదలుపెడతా. ఇక్కడ వరండా నిండా జనం.

… మెలకువగానే ఉన్నారు. ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఎక్కువ మాట్లాడొద్దన్నారు. … ఆ, కళ్ళు తెరిచే ఉన్నారు. నన్ను చూసి కనుబొమ్మలెగరేశారు కూడా, ఏదో సినిమాకొచ్చినట్టు. మీ అబ్బాయి సంగతి మీకు తెలీదా.

అత్తయ్యా, ఒకటడుగుతా. నిజం చెప్పాలి.

ఊపిరితిత్తుల్లో ఫంగస్‌కి వాడుతున్న క్యాప్సూళ్ళు ఉన్నాయి కదా… అవే, మీరు బూజు మాత్రలంటారే, అవే. వాటితోపాటు ఆయనకి మీరేమైనా ఇస్తున్నారా?

… ఏమీ లేదా?

… పోట్లాడ్డానికి అడగట్లేదమ్మా. ఒట్టు. గొంతు కూడా పెంచట్లేదు, చూడండి.

రక్తంలో మందు ఎంత చేరిందో చూసే పరీక్ష ఒకటుందట. చేశారు. ఇన్ని నెలలు మింగిన మనిషి ఒంట్లో ఆ మందు దాదాపు లేనే లేదంట.

… నేనూ అదే అన్నా! డాక్టరు మీద ఎగిరా కూడా. నా చేత్తో మింగించా సార్, ఒక్క పూట తప్పలేదు, అన్నం తిన్నాకే ఇచ్చా అని. లివర్ పరీక్ష ఎప్పుడు చేయించమంటే అప్పుడు చేయించా. కొలెస్ట్రాల్ మాత్ర దీంతో పడదు, ఆపమంటే ఆపేశా. కళ్ళు పచ్చబడుతున్నాయా, కాళ్ళు వాస్తున్నాయా అని రోజూ పిచ్చిదానిలా చూసుకున్నా. మీరే ఆయనతో అని నవ్వేవారు కదా, మొగుడి కాళ్ళు అంత శ్రద్ధగా ఎవరూ చూడరని.

… ఆయన్నీ అడిగారు. వేరే ఏమైనా తీసుకుంటున్నావా బాబూ అని. తల అడ్డంగా ఊపారు.

ఊపారు గానీ… ఎడమ చెవి గోక్కున్నారు అత్తయ్యా.

… అదే. అబద్ధమాడితే చెయ్యి చెవి మీదకే వెళ్తుంది. మాస్కు పెట్టుకుని కూడా గోక్కున్నారు. అందుకే బయటికొచ్చి మీకు చేస్తున్నా.

… ఎందుకంటే, మాత్ర ఒంటికి ఎందుకు పట్టలేదో తేలాలి. ఇంకేదో అడ్డుపడిందని తేలితే అదే మందు ఇంకో రకంగా ఇస్తారు. తేలకపోతే నరానికెక్కించే పెద్ద మందు. అది కిడ్నీల్ని దెబ్బతీస్తుందట. ఏది మొదలుపెట్టాలో ఇవాళే తేల్చుకోవాలి వాళ్ళు.

…

ఎవరికి మాటిచ్చారు?

… ఆయనకా. నాకు చెప్పొద్దన్నారా.

… సరే. ఆ మాట నుంచి మిమ్మల్ని ఆయన తరఫున నేను వదిలేస్తున్నా. చెప్పండి.

… ఏ సీసా?

… గులాబీ రంగుది.

గ్యాస్ మందు.

… ఎప్పుడు పోసేవారు? … నేను ఫ్యాక్టరీ బస్సెక్కగానే. అంటే మాత్ర మింగిన వెంటనే. … రాత్రిపూట కూడానా? … ఆ. నేను స్నానానికెళ్ళినప్పుడు.

… ఎప్పట్నుంచి?

… మొదట్నుంచీ.

…

లేదు, ఉన్నా. వింటున్నా.

… ఆ గ్లాసుతోనా? ఆయన ల్యాబుల వాళ్ళకి గాజు గొట్టాలు ఊదేటప్పుడు మిగిలిన ముక్కతో మీకు ఊదిచ్చారే, ఆ బుల్లి గ్లాసు? … గీత దాకా పోసి, ఒక్క చుక్క ఎక్కువ కాకుండా. … అవును, మీరు జాగ్రత్తగానే పోసుంటారు.

అయ్యో. అయ్యో అత్తయ్యా.

… చెప్తా. ఉండండి, ఊపిరి తీసుకోనివ్వండి.

ఆ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో పులుపుండాలి. అందుకే అన్నం మీద వేయమన్నారు. గ్యాస్ మందు చేసే పని ఏంటి? ఆ పులుపుని చంపెయ్యడం. ఇంక మాత్ర కరగదు. లోపలికెళ్ళి, ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. ఊపిరితిత్తుల దాకా చేరనే చేరదు. మనం వేస్తూనే ఉన్నాం, బూజు పెరుగుతూనే ఉంది.

… విషం కాదు. ఆ మందు మంచిదే. ఈ మాత్ర పక్కన పడకూడదంతే. తప్పనిసరైతే గంటల తేడాతో వేసుకోవాలి, అదీ వాళ్ళని అడిగాకే. అసలు మంటగా ఉందని డాక్టరుకి ఒక్క ముక్క చెప్పుంటే ఈ ఫంగస్ మందే నీళ్ళమందులా వచ్చేది రాసేవారట. దానికి ఈ గొడవ లేదట.

… తట్టుకోలేకపోయారా. పొట్ట పట్టుకుని మంచం అంచున కూర్చునేవారా. … నాకు తెలీదు. నా ముందు ఒక్కరోజూ కూర్చోలేదు. నేను కంగారుపడతానని మీ దగ్గర ఏడ్చారన్నమాట.

…

ఆ! మీవల్లే! ఏమనమంటారు మరి? ఒక్కసారి, ఒక్క మాట నన్ను అడిగుంటే! ఒకే ఇంట్లో ఉంటూ, నా వెనక సీసా దాచి…

…

అత్తయ్యా?

అత్తయ్యా, ఉన్నారా? … నోరు జారా. కుర్చీలో కూర్చోండి. కూర్చున్నారా? … గోడ పట్టుకోండి.

ఎలా అడుగుతారు మీరు నన్ను. నేనేమైనా అడగనిచ్చానా.

ఆ మాత్రలు తెచ్చిన రోజే కదా. గ్యాస్ మందు సంగతి మందుల షాపులో చిలక్కి చెప్పినట్టు చెప్పారు నాకు. ఇంటికొచ్చి మీకు చెప్దామనే అనుకున్నా. సంచీ కింద పెట్టి కాళ్ళు కడుక్కొచ్చేసరికి మీరు పక్కింటావిడకి ఒక క్యాప్సూల్ చేతిలో పెడుతున్నారు, తామరకి పనికొస్తుందని.

… ఇవ్వకూడదు, అది నిజమే. ఆవిడ గుండెకి మందులు వాడుతుంది, రెండూ కలిస్తే ప్రాణం మీదకొస్తుంది. ఆ మాటే మెల్లగా చెప్పొచ్చు కదా నేను. పంచిపెట్టడానికి ఇవేమైనా పప్పుబెల్లాలా అని ఆవిడ ఎదురుగానే మిమ్మల్ని దులిపేశా. మీరు మళ్ళీ నీ మాత్రల జోలికొస్తే చెప్పుతో కొట్టమన్నారు. అంతే. ఆ రోజు నుంచీ వంటింటి అలమరలో పై అర నాది, కింది అర మీది. ఉప్పు కావాలన్నా ఆయన్ని మధ్యలో పెట్టి అడగడమే. చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది.

అన్నీ చూశానత్తయ్యా. మీ కింది అర ఒక్కటే చూడలేదు.

…

… మధ్యాహ్నం ఆపరేషన్. రక్తం ఆగట్లేదు కాబట్టి తప్పదన్నారు. కుడివైపు ఊపిరితిత్తిలో పై భాగం తీసేస్తారు. ఎప్పుడో టీబీ వచ్చి గుంట పడిందే, అక్కడే బూజు గూడు కట్టుకుందట.

… బతుకుతారా అని అడిగా. డాక్టరు నా మొహం చూడలేదు. కాగితాలు సర్దుకుంటూ "ప్రయత్నిస్తామమ్మా" అన్నారు.

… బతికినా ఇంక గాజు ఊదలేరు. అది మాత్రం నా మొహం చూసే చెప్పారు.

… ఆయనకింకా చెప్పలేదు. కొలిమి దగ్గర కుర్రాడికి పని ఎలా అప్పజెప్పాలో నాకు సైగలు చేస్తున్నారు. రెండు వారాల్లో వచ్చేస్తానట. సరేనన్నా. ఏమనను?

ఏంటి? … మరిది బయల్దేరాడా? మంచిది. … సంచీలో ఏం పెట్టారు? … దుప్పటి, ఫ్లాస్కు… సీసా కూడానా!

… పర్లేదు, పర్లేదు. తిట్టుకోకండి. ఆయనకి అవసరమవుతుందనే కదా పెట్టారు. వాడికి నేను చెప్తా, పైకి తేవద్దని.

… గ్లాసు పారెయ్యకండి!

వద్దు. చెప్తున్నా, చెత్తబుట్టలోంచి తీయండి. … పగల్లేదు కదా? … కడిగి పెట్టండి. నా అరలో పెట్టండి. అది ఆయన ఊపిరితో చేసింది అత్తయ్యా. ఇంకోటి చెయ్యలేరు.

… ఆ. తుడవండి. మెల్లగా.

… రండి, ఎందుకు రావద్దంటాను. మీరు రాకపోతే ఇక్కడ నేనొక్కదాన్నే… రండి. పక్కింటావిడని తోడు తెచ్చుకోండి. ఆవిడతోనూ మాట్లాడాలి నేను.

… డాక్టరుకా? చెప్పాలిగా. … మీ పేరు చెప్పమంటారా. చూద్దాం లెండి. పేర్లు అడుగుతారో లేదో.

ఉండండి, ఉండండి. స్ట్రెచర్ బయటికి తెస్తున్నారు. సిస్టర్! ఇప్పుడేనా? మధ్యాహ్నం అన్నారు కదా… ముందే తీసుకెళ్తున్నారట అత్తయ్యా. మళ్ళీ దగ్గొచ్చిందట.

… ఆ, ఎదురుగానే ఉన్నారు. ఎవరని అడుగుతున్నారు, వేలు ఆడిస్తూ.

మీ అమ్మగారండీ. … నిజంగా. మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం. … అదేంటలా చూస్తారు, నమ్మరా? ఇదిగో. అత్తయ్యా, చెవి దగ్గర పెడుతున్నా, మీరే మాట్లాడండి. ఆయన వింటారు. సిస్టర్, ఒక్క నిమిషమమ్మా, కన్నతల్లి…

…

…

ఏంటండీ? మాట్లాడొద్దన్నారు… సరే, ఒక్క ముక్క. చెప్పండి.

…

చెయ్యెందుకు పైకెత్తుతారు? సూది ఊడొస్తుంది. ఫోన్ నేను పట్టుకున్నా కదా, చెయ్యి దించండి.

… వెళ్ళండి. వెళ్ళి రండి. ఇక్కడే ఉంటా. ఎక్కడికీ పోను.

…

హలో. … ఆ, నేనే. తీసుకెళ్ళిపోయారు. తలుపేసేశారు.

… విన్నారా? మాస్కులోంచి సరిగా వినపడిందా?

… ఆ. అదే అన్నారు. "నీ మందుతో మంట తగ్గిందమ్మా" అన్నారు. నేనూ విన్నా.

… చెవా?

… లేదు. లేదత్తయ్యా, గోక్కోలేదు. చేతికి సూది గుచ్చి ఉంటే ఎలా గోక్కుంటారు? నేను చూస్తూనే ఉన్నా. నిజమే చెప్పారు.

… ఊఁ. ఏడవండి. ఇప్పుడు ఏడవండి, ఏం పర్లేదు. నేనూ ఏడుస్తున్నా.

… పెట్టెయ్యకండి. మాట్లాడక్కర్లేదు, మాట్లాడకుండా ఉండటం మనకి అలవాటే కదా. అలా లైన్లో ఉండండి చాలు.

…

…

డాక్టరొస్తున్నారు. ఉండండి, కట్ చెయ్యకండి.

సార్! సార్, ఆగండి. మీరడిగింది తెలిసింది. క్యాప్సూల్ వేసిన వెంటనే గ్యాస్ మందు పడింది సార్. రోజూ, రెండు పూటలా, మొదట్నుంచీ. … అవును సార్. అందుకే పట్టలేదు. … ఆ మందే ఇంకో రకంగా ఇవ్వొచ్చా సార్? … ఊఁ. … ఊఁ. సరే సార్.

… ఎవరిచ్చారా?

… మేమే సార్. ఇద్దరం.

… అత్తయ్యా, విన్నారు కదా. బయల్దేరండి. పెట్టేస్తున్నా.