ముడతల్లేని కుటుంబం

మధ్యాహ్నం పూట, భోజనాల బల్ల. ఒక కొసన ల్యాప్‌టాప్ ముందు కోడలు, ఇంకో కొసన బఠాణీలు ఒలుస్తూ అత్తగారు.

“ఇవాళ సాయంత్రంలోగా దాన్ని గ్రూపులోంచి గెంటకపోతే నన్ను ఉద్యోగంలోంచి గెంటేస్తారు అత్తయ్యా. మా బాస్ తేల్చి చెప్పేశాడు.”

“దాన్నంటే ఎవర్ని?”

“ఇంకెవర్ని, ఆ కాలిన చొక్కాని.”

“కాలిన చొక్కాని గెంటడమెందుకు? గిన్నెలు దించుకోడానికి పనికొస్తుంది.”

“అది చొక్కా కాదండీ, మనిషి. మా ఇస్త్రీ పెట్టెల కంపెనీ గ్రూపులో ఆవిడ పెట్టుకున్న పేరు.”

“ఆవిడని నీకెలా తెలుసు? ఆయనేమో.”

“మగాళ్ళకి అంత నాజూగ్గా దెప్పడం రాదండీ.”

“అయితే ఎవరో చదువుకున్న మనిషే అయ్యుంటుంది.”

“చదువుకున్న గయ్యాళి.”

“ఊఁ... గ్రూపు పేరేమిటన్నావు?”

“ముడతల్లేని కుటుంబం.”

“ముడతల్లేకుండా కుటుంబమా? ఆ పేరు పెట్టినవాడికి పెళ్ళయినట్టు లేదు.”

“నవ్వకండి. దాన్ని నడపడమే కదా నా ఉద్యోగం. మా పెట్టె కొన్నవాళ్ళు అందులో చేరతారు. నేను రోజూ పలకరిస్తాను. వాళ్ళు సంతోషంగా కబుర్లు చెప్పుకోవాలి. చెప్పుకుంటున్నారు కూడా, ఇదొక్కతే తప్ప.”

“ఏమని పలకరిస్తావు?”

“ఇవాళ పొద్దున ‘ఈ రోజు మీ చొక్కా మూడ్ ఎలా ఉంది?’ అని పెట్టాను.”

“మీ మామయ్య మూడే ఇంతవరకూ అంతుపట్టలేదు నాకు. చొక్కాది కూడా కనుక్కోవాలా?”

“అయ్యో! ‘మా ఆయన మూడే అంతుపట్టలేదు’ అని అచ్చం ఆవిడా అదే రాసింది.”

“మొగుళ్ళందరూ ఒక్కలాగే ఉంటే మాటలూ ఒక్కలాగే వస్తాయమ్మా. ఇంకేం రాసింది? చదువు. నా చేతులు ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీయే.”

“మొన్న కంపెనీవాళ్ళు పోటీ పెట్టారు. ‘మీ ఇస్త్రీ పెట్టెతో మీ అనుబంధాన్ని ఒక్క మాటలో చెప్పండి’ అని. అందరూ ప్రేమ, నమ్మకం, వెలుగు అని రాశారు. ఇది ‘విడాకులు’ అని రాసింది.”

“ఒక్క మాటే అడిగారు, ఒక్క మాటే చెప్పింది. నియమం పాటించింది పాపం.”

“ఇది వినండి. ‘ఆవిరి సంగతి దేవుడెరుగు, మీ పెట్టెలోంచి గోధుమరంగు నీళ్ళు కారుతున్నాయి. చొక్కా తెల్లగా ఉందని దానికి కుళ్ళు కాబోలు.’ నేను మర్యాదగా ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీరు మాకు అమూల్యం’ అన్నాను. దానికేమందో తెలుసా?”

“‘చింతించకు తల్లీ, చిక్కిపోతావు. తుడుచుకోడానికో గుడ్డ పంపించు’ అని.”

“మీకెలా తెలుసు?”

“నిన్న చదివి వినిపించావుగా.”

“వినిపించానా?”

“ఏడుస్తూ వినిపించావు. ఆ గిన్నె ఇటు జరుపు.”

“ఏమో... ఇదిగోండి. అంతా ఈ చొక్కా వల్లే, నాకు మతి కూడా పోతోంది.”

“ఏమైనా మనిషిని గెంటడం అన్యాయం. మా రోజుల్లో ఇలా ఉండేది కాదు.”

“మీ రోజులేంటండీ, ఇంటర్నెట్‌లో?”

“ఏం? నువ్వు పలక మీద దిద్దుకునే రోజుల్లోనే నేనందులో కాపురం పెట్టాను. కుట్టుపని చేసేవాళ్ళ ఫోరం. ఫోన్ తీగ పీకి కంప్యూటర్‌కి గుచ్చితే, అది కాసేపు కీచుమని ఏడ్చి తర్వాత తలుపు తీసేది. మీ మామయ్య ఆఫీసు నుంచి ఎన్నిసార్లు చేసినా ఫోన్ బిజీ. ఇంటికొచ్చి ‘ఎవరితో అంతసేపు?’ అని నిలదీశారు. ‘కత్తెరతో పోట్లాడుతున్నానండీ’ అన్నాను. ఆ రాత్రి వంటింట్లో చాకులన్నీ దాచేశారు.”

“కత్తెరెవరండీ?”

“ఎవరో! అసలు పేరు తెలీదు, ఊరు తెలీదు. లైనింగు గుడ్డని కుట్టేముందు తడపాలా అక్కర్లేదా అని మొదలెట్టాం. మూడేళ్ళు సాగింది. నేను నంబర్లేసి రెండు పేజీలు రాస్తే, ఒక్కో నంబరు కిందా ఆవిడ జవాబు రాసేది. నా మాటల్ని అంత శ్రద్ధగా ఈ ఇంట్లో ఎవరూ విన్న పాపాన పోలేదు. నాకు ఆపరేషనైతే మొదట అడిగింది కూడా ఆవిడే. ‘త్వరగా లేవండి, మీ నాలుగో పాయింటు తప్పు’ అంది.”

“మా కాలేజీ రోజుల్లో అంత ఓపిక లేదులెండి. మేం పొడుచుకునేవాళ్ళం.”

“కత్తులతోనా?”

“బటనుతో. నచ్చినవాళ్ళ పేరు పక్కన ఓ వేలి బొమ్మ ఉండేది. నొక్కితే వాళ్ళని పొడిచినట్టు. నచ్చితే వాళ్ళూ తిరిగి పొడుస్తారు. మీ అబ్బాయి నన్నలాగే పొడిచాడు.”

“అప్పుడూ వాడికి నోరు లేదన్నమాట. తర్వాత?”

“ఏముంది, నేనూ పొడిచాను.”

“ఇప్పటికీ ఆపలేదుగా. మా ఫోరం మాత్రం ఓ రోజు చెప్పాపెట్టకుండా మూసేశారు. అప్పటికే అందరూ ఫొటోలు పెట్టుకునేచోటికి తరలిపోయారు. అక్కడ పోట్లాటల్లేవు, బొటనవేళ్ళే. ఏం పెట్టినా వేలు చూపిస్తారు. వాట్సాప్ వచ్చాక పొద్దున్నే గులాబీలు. పోయినవాళ్ళకీ గులాబీ, పాసైనవాళ్ళకీ అదే గులాబీ. ఇప్పుడీ నిలువు వీడియోల్లో అద్దం ముందు నిలబడి మాట్లాడుకున్నట్టు ఎవరికివాళ్ళు మాట్లాడేసి, చివర్న ‘కామెంట్ చెయ్యండి’ అంటారు. చేస్తే చదవరు. కత్తెర ఏ వీడియో కింద పాయింట్లు రాసుకుంటోందో పాపం.”

“ఈ కాలిన చొక్కా కూడా పాయింట్లేసే రాస్తుందండీ.”

“బుద్ధిమంతురాలు.”

“అత్తయ్యా.”

“ఊఁ.”

“మీ ఫోన్ ఓసారిలా ఇవ్వండి.”

“చార్జింగ్‌లో ఉంది.”

“అదిగో, మీ ముందే ఉంది, తొక్కల కింద.”

“తొక్కల్లో కూడా బలం ఉంటుందట.”

“నేనిప్పుడు కాలిన చొక్కాకి ఓ మెసేజ్ పెడుతున్నా... పెట్టేశా... అత్తయ్యా, తొక్కలు మోగాయి!”

“ఇంట్లో మోగేవి సవాలక్ష. అన్నిటికీ నన్నంటే ఎలా?”

“మీరా! మీరేనా! ‘అమూల్యమైన కస్టమరు గారూ’ అని నేను పొద్దస్తమానం బతిమాలుకుంటూంటే, పక్క గదిలో కూర్చుని...”

“పక్క గదేమిటి? ఫ్యాను బాగా తిరుగుతుందని ఒక్కోసారి ఈ బల్ల దగ్గరే.”

“నిన్న నేను ఏడ్చానండీ!”

“చూశాను. కాఫీ ఇచ్చానుగా.”

“ఆ కాఫీ తాగుతుండగానే ఇంకోటొచ్చింది!”

“తేరుకున్నావు కదా అని.”

“ఉండండి, మీ పని చెప్తా. బ్యాన్ బటను ఇక్కడే ఉంది.”

“నొక్కెయ్యి. అత్తని గెంటమని ఆఫీసే చెప్పడం, అందుకు జీతం కూడా ఇవ్వడం... ఈ అదృష్టం ఎంతమంది కోడళ్ళకి దక్కుతుంది?”

“నొక్కుతాను. మొహమాటపడతాననుకోకండి. ఇదిగో నొక్... ఆగండి, బాసే చేస్తున్నాడు. హలో సార్. ఆ పనే సార్, వేలు బటను మీదే ఉంది... వద్దా? ఏం సార్?... గ్రూపులో అందరూనా?... నవ్వుల పువ్వు కూడానా సార్?... మరి మిగిలింది?... ఆవిడొక్కరేనా!... ఆఁ. ఆవిడ లేకపోతే మన విభాగం... అర్థమైంది సార్. నాలుగింటికి. వస్తారు సార్, తప్పకుండా వస్తారు. ఆవిడతో నాకు... మంచి సంబంధాలే సార్.”

“ఏమిటట?”

“అత్తయ్యా, కాఫీ తాగుతారా?”

“అయ్యబాబోయ్. ఏం మునిగింది?”

“పైవాళ్ళు ఆరా తీశారట. మా కుటుంబంలో ఉన్నవాళ్ళెవరూ మనుషులు కారట. సగం యంత్రాలు, మెచ్చుకోడానికి కొనితెచ్చి పెట్టినవి. మిగతా సగం దొంగపేర్లతో మా ఆఫీసువాళ్ళే.”

“నవ్వుల పువ్వు? రోజూ నాకు దణ్ణం బొమ్మ పెట్టేది, నేనెన్ని అన్నా కోపం తెచ్చుకోదు, ఆ పిల్ల?”

“యంత్రం.”

“అనుకున్నాను. అంత ఓర్పు మనిషికుంటే డాక్టరుకి చూపించాలి. పోనీ ముడత మామ? ఆయన మాత్రం యంత్రం కాదు. నూలు బట్టకి ఎంత వేడి పెట్టాలని నాతో వారం రోజులు కలబడ్డాడు.”

“అదీ... నేనేనండీ.”

“నువ్వా!”

“కబుర్లు పెంచమని పైనుంచి ఒత్తిడి. మొదట ఉద్యోగం కోసమే మొదలెట్టాను. తర్వాత మీ మూడో పాయింటు చూస్తే ఒళ్ళు మండిపోయింది.”

“ఎంత బాగా రాశావే! ఎవరో పెద్దాయన, రిటైరైన లెక్చరరు అనుకున్నాను. మూడో పాయింటు మాత్రం నాదే రైటు.”

“కాదండీ, బట్ట మీద నీళ్ళు చల్లాక...”

“నీళ్ళ సంగతి తర్వాత. ముందు నీ బాసు సంగతి చెప్పు.”

“మొత్తం కుటుంబంలో నిజమైన మనిషి, నిజమైన కస్టమరు మీరొక్కరేనట. నాలుగింటికి కంపెనీ పెద్దాయనతో మీటింగ్. ప్రాణమున్న కస్టమరుని ఒక్కర్ని చూపించగలిగితే మా విభాగం ఉంటుంది. లేకపోతే రేపట్నుంచి నేనూ మీ పక్కన కూర్చుని బఠాణీలు ఒలవడమే.”

“ఇందాక గయ్యాళి అన్నావు.”

“చదువుకున్న గయ్యాళి అన్నానండీ.”

“‘దాన్ని’ అన్నావు. ‘ఇది’ అన్నావు.”

“ఇకనుంచి ‘వారు’ అంటాను.”

“అమూల్యమేనా?”

“అతి అమూల్యం. వీడియోలో కూర్చుంటారా, ప్లీజ్?”

“బట్టలు మార్చుకోవాలా?”

“వద్దండీ, ఇలాగే రండి. మరీ బాగుంటే యంత్రమనుకుంటారు.”

“ఏం మాట్లాడాలి? నీలాగ ‘ఆహా ఓహో’ అనడం నా వల్ల కాదు.”

“తిట్టండి. మీ ఇష్టమొచ్చినట్టు తిట్టండి. మీరు తిట్టినకొద్దీ నా ఉద్యోగం గట్టిపడుతుంది.”

“ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా విద్యకి విలువొచ్చింది. పద.”

“ఇంకొక్కటేనండీ. కస్టమరని తెలియడానికి మా పెట్టె చేత్తో పట్టుకుని కూర్చోవాలట. మీ గదిలో అలమరలో ఉందా? నే తెస్తాను.”

“ఏది?”

“ఇస్త్రీ పెట్టెండీ.”

“ఎవరిది?”

“మీదే! ఆ గోధుమరంగు నీళ్ళు కారేది.”

“నువ్వీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నావుగా, మన బట్టలన్నీ వీధి చివర ఇస్త్రీ దుకాణానికేగా వెళ్తాయి?”

“అంటే... అత్తయ్యా... మీ దగ్గర మా పెట్టె లేదా?”

“మీదే కాదు, ఎవరిదీ లేదు.”

“మరి ఆ నీళ్ళు? ఆ విడాకులు? పెట్టే లేకుండా ఇన్నాళ్ళూ నా ప్రాణం ఎందుకు తీశారండీ!”

“నువ్వు ఉద్యోగంలో చేరిన రోజున ‘హాయ్ కుటుంబం, నేను మీ కొత్త నేస్తాన్ని, ఎవరైనా పలకరించండి’ అని పెట్టి, తిండి కూడా మానేసి సాయంత్రందాకా ఆ తెర వంకే చూస్తూ కూర్చున్నావు. ఒక్క పురుగూ పలకలేదు. ఊరికే పలకరిస్తే నేనని కనిపెట్టేస్తావు కదా, అందుకని తిట్టాను.”