మనవాళ్ళు లేని ఆట

కాన్సాస్ సిటీ బేస్‌బాల్ మైదానంలో నల్లజాతి కుర్రాడు సెడ్రిక్ సీట్లోంచి మళ్ళీ లేచాడు. పక్కన వాళ్ళ నానమ్మ.

"కూర్చోరా, ఆట సగమన్నా కాలేదు."

"రెండు జట్లలోనూ మనవాడొక్కడూ లేడు నానమ్మా."

"ఆ బంతులాపే కుర్రాడు నీకంటే నలుపేగా?"

"అతను డొమినికన్ దేశంవాడు, మనలా అమెరికా నల్లవాడు కాదు. మాట్లాడేది స్పానిష్. మనవాళ్ళంతా బాస్కెట్‌బాల్‌కి పోయారు. రేపు మా జట్టు కోచ్‌తో నేనూ బేస్‌బాల్ మానేస్తానని చెప్పేస్తా."

"జనం జాజ్ వదిలేసి రాక్ పాటల వెంట పడ్డాక కూడా మీ తాత ఖాళీ కుర్చీలకే ట్రంపెట్ వాయించాడు."

"చివరికి మానేశాడుగా?"

"మానేశాడు. ఆ తర్వాత ఇంట్లో ఈల కూడా వేయలేదు."

మైదానంలో బంతి నేలబారుగా దూసుకొచ్చింది. డొమినికన్ కుర్రాడి చేతికి తగిలి పక్కకు జారిపోయింది. సెడ్రిక్ అప్పటికే మోకాళ్ళు వంచి, రెండు చేతులూ చాచి ఉన్నాడు.

"అతను ఇంకొంచెం ముందుకు రావాల్సింది," అని గొణుగుతూ కూర్చున్నాడు.