బురుడ్ గల్లీ కుండలు

మాజీ కార్పొరేటర్ మురార్‌రావ్ ఢవళే ఇంటి అరుగు. ఎండ నెత్తిమీద ఉంది. లోపలికి రమ్మన్నా, బుట్టలల్లే బురుడ్ గల్లీ సాళూబాయి రాలేదు. కొంగు కింద మట్టికుండ దాచుకుని గుమ్మానికి ఇవతలే నిలబడి, లోపల చీకట్లో కుర్చీకి అతుక్కుపోయిన అతనితో మాట్లాడుతోంది. ఆమెకు అతను దాదా, అతనికి ఆమె మావ్షీ, అంటే పిన్ని.

"ఎంతసేపు అలా ‘ఊఁ’ కొడతావు దాదా? లేచి అరుగుమీదికి రా. నువ్వు నిలబడితే చాలు. మాట్లాడక్కర్లేదు కూడా."

"నిలబడి ఏం చెయ్యను మావ్షీ?"

"ఏం చెయ్యడమేంటి, ఎప్పుడూ చేసేదే. మేం కుండలు పగలగొడతాం. తిడతాం. నువ్వు దండం పెట్టుకుని నిలబడతావు. తర్వాత ఎవడికో ఫోన్ చేసి, మా ఎదుటే వాణ్ణి తిడతావు. సాయంత్రానికి నీళ్ళొస్తాయి. మీ నాన్న ఉన్నప్పటినుంచీ ఎండాకాలంలో మన పద్ధతి ఇదేగా."

"అప్పుడు నేను కార్పొరేటర్‌ని."

"ఇప్పుడెవరు?"

"ఎవరూ లేరు."

"ఇంత ఊరికి ఎవరూ లేకపోవడమేంటి?"

"లేరు మావ్షీ. మా గడువు అయిపోయింది. మళ్ళీ ఎన్నికలు పెట్టలేదు. అంతా కమిషనర్ సాహెబు ఒక్కడే. ఆయన కింద నీళ్ళు చూసే ఆ కంపెనీ. నాకిప్పుడు నా ఇంటి నల్లామీద కూడా మాట చెల్లదు."

"అయితే ఆ సాహెబు ఎక్కడుంటాడో చెప్పు. అక్కడికే పోతాం."

"కంట్రోల్ రూం పక్కన, పై అంతస్తులో. కింద గాజు తలుపు. కార్డు చూపిస్తేగాని తెరుచుకోదు. నువ్వక్కడ కుండ కాదు, కాగు పగలగొట్టినా పైకి వినపడదు."

"మన వార్డు ఆఫీసు?"

"తీసేశారుగా. అక్కడ పెట్టె పెట్టారు, టీవీలాంటిది."

"చూశాను దాన్ని. మన తుళసాబాయి దాని ముందు కూర్చుని గంటసేపు ఏడ్చింది. అంతా విని అది, ‘మరాఠీకి ఒకటి నొక్కండి’ అంది... నవ్వకు దాదా."

"నవ్వడం లేదు."

"అయితే లోపల మీ ఆవిడ నవ్వుతోంది. నాకు వినపడుతోంది."

"నవ్వు కాదు సాళూబాయీ, దగ్గు! ఎండనపడి వచ్చావు, చెంబుడు నీళ్ళివ్వనా?"

"మీ ఇంట్లో ఉన్నాయా నీళ్ళు?"

"మాకు... బోరుంది."

"వద్దులే వహినీ. ఇప్పుడు మీ ఇంటి నీళ్ళు తాగితే తర్వాత గట్టిగా తిట్టలేను."

"మిగతావాళ్ళేరి మావ్షీ? నువ్వొక్కదానివే వచ్చావు."

"అందరూ వచ్చారు. పిండిమర దగ్గర ఇద్దరు, మారుతి గుడి మెట్లమీద ఇద్దరు, రేషన్ దుకాణం నీడన ఇద్దరు. కలిసి నడిస్తే చౌక్‌లో స్తంభంమీద ఉన్న కెమెరా కన్ను పట్టేస్తుంది గదా. గయాబాయి మామగారు పోతే ఆయన వెంట నడిచినవాళ్ళందరికీ ఫోన్లలో వచ్చింది, అనుమతి లేకుండా గుంపు కట్టారు, జరిమానా అని. ముసలాయనకొక్కడికే రాలేదు. అంతవరకు నయం."

"కుండలు?"

"అందరివీ కొంగుల కిందే. నన్ను చూడు, ఈ వయసులో కడుపుతో ఉన్నట్టు లేనూ? ఒక్కొక్కరే వస్తాం, ఒక్కొక్కరే పగలగొట్టి పోతాం. గుంపు కాదు. నువ్వు మాత్రం మొదటినుంచి చివరిదాకా నిలబడాలి. కావాలంటే గొడుగు పట్టుకో, మాకేం అభ్యంతరం లేదు."

"ఇంత పట్టుదల దేనికి మావ్షీ? అసలు నీళ్ళు ఎప్పట్నుంచి లేవు?"

"చూడు, ఇప్పుడడుగుతున్నాడు! హోళీకి ముందు సన్నగా వచ్చేవి. హోళీ పోయాక నల్లాలోంచి గాలి వస్తోంది. వెదురు నానబెట్టడానికి లేదు. బుట్ట అల్లుతుంటే బద్దలు చేతుల్లోనే విరుగుతున్నాయి. పెళ్ళిళ్ళ రోజులు, చాటలు అడిగే రోజులు. సరే, అది వదిలెయ్. నా కోడలు, మా దగడూ పెళ్ళాం, బాలింత. పసిపిల్లకు పోసిన నీళ్ళు పళ్ళెంలో పట్టి, వాటితోనే గుడ్డలు పిండుతున్నాం. పిల్లకు ఒళ్ళంతా పొక్కులు. వియ్యపురాలు వచ్చి చూసింది. సోమవారం దాకా ఆగుతాను, అప్పటికీ నీళ్ళు రాకపోతే తల్లినీ పిల్లనీ తీసుకుపోతాను అంది. గట్టిగా కూడా అనలేదు. మెల్లగా అంది."

"నాలుగు రోజులు పోయివస్తే తప్పేముంది?"

"పోయినవాళ్ళు వస్తున్నారా? మా వరసలో మూడిళ్ళకు తాళాలు పడ్డాయి. నీకు తెలియనిదేముంది దాదా, ఎంతమంది పిల్లల్ని మట్టిలో పెట్టాక మిగిలినవాడు దగడూ. రాయిలా నిలవాలని ఆ పేరు పెట్టుకున్నాను. వాడి పిల్ల నా ఇంట్లో పాకాలి. నాకింకేం వద్దు."

"దగడూ ఏమంటున్నాడు?"

"వాడేమంటాడు? చావీవాలా. వాల్వు తిప్పే ఇనప చావి భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరిగి నీళ్ళు వదలడం వాడి పని. పైన ట్యాంకులోంచే వదలకపోతే వాడు మాత్రం ఏం తిప్పుతాడు?"

"అలాగని వాడు చెప్పాడా?"

"వాడు చెప్పాలా? నా కొడుకు. ఎందుకలా అడుగుతున్నావు?"

"ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు."

"ఊరికే అన్నానుగా. ఫోన్ చెయ్యమంటావు, అంతేగా? చేస్తాను. నువ్వే విను."

"చెయ్యి. గట్టిగా వినపడేలా పెట్టు."

"నమస్కారం. మీ నగరం మీ అరచేతిలో. నీటి సమస్యకు రెండు నొక్కండి."

"నొక్కు దాదా, నొక్కు."

"నొక్కాను. ఆగు."

"చెప్పండి సర్, ఏ గల్లీ?"

"బురుడ్ గల్లీ అమ్మా. హోళీ నుంచి నీళ్ళు లేవు."

"ఒక్క నిమిషం సర్... మా తెరమీద బురుడ్ గల్లీ పచ్చగా ఉంది."

"పచ్చగానా? వెదురు కూడా ఎండిపోయిందే అక్కడ, పచ్చగా ఏముంది?"

"పక్కన ఎవరు సర్?"

"ఆ గల్లీ మనిషే."

"అమ్మా, మీ గల్లీనుంచి ఒక్క ఫిర్యాదు లేదు. రోజూ సాయంత్రం నీళ్ళ సేవ ఎలా ఉందని మీ ఫోన్లకు అడుగుతున్నాం గదా. మీరందరూ ఐదుకు ఐదు స్టార్లు ఇస్తున్నారు. ఊరు మొత్తంలో మీదే మొదటి గల్లీ. ఇంత తృప్తిగా ఉన్నారంటే మీకు నీళ్ళు ఎక్కువవుతున్నాయని లెక్క. మిగులు పక్క లైనుకు మళ్ళింది. అది కంప్యూటర్ చేసిందమ్మా, మనిషి చేసింది కాదు."

"అయితే దానికే చెప్పు తల్లీ, మళ్ళీ ఇటు తిప్పమని."

"మేం చెబితే వినదమ్మా. మీరు ఇచ్చే స్టార్లే వింటుంది. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఇంకేమైనా అంటే, ముందు చేసిందేంటని—"

"ధన్యవాదాలు. ఈ కాల్ ఎలా ఉందో స్టార్లతో తెలపండి."

"కట్టెయ్ దాదా."

"విన్నావుగా."

"విన్నాను."

"ఇస్తున్నారా మరి? రోజూ?"

"...ఇస్తున్నాం."

"నల్లాలో గాలి వస్తుంటే ఐదు స్టార్లా మావ్షీ?"

"దగడూ కోసం. స్టార్లు తగ్గితే నా ఉద్యోగం పోతుందమ్మా అన్నాడు వాడు. రోజూ దీపం పెట్టేవేళకు నేనే గడప గడపకూ తిరిగి నొక్కించాను. తుళసాబాయికి ఫోన్ పట్టుకోవడం రాదు. ఆమె వేలు పట్టుకుని నేనే నొక్కించాను. వాణ్ణి ఎత్తుకుని తిప్పినవాళ్ళే అందరూ, ఒక్కరూ కాదనలేదు. వెనకటి రోజుల్లో చావీవాలా వస్తే ఛాయ్ పోసేవాళ్ళం గుర్తుందా? నీళ్ళు సన్నగా వచ్చినా ‘బాగున్నాయి బాబూ’ అనేవాళ్ళం. వాడు మళ్ళీ రేపు మన గల్లీలోకి రావాలిగా. వాణ్ణేమీ అనలేక నీ గుమ్మం ముందు కుండలు పగలగొట్టేవాళ్ళం. ఇదీ అంతే అనుకున్నాం... దాదా, నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"నాకే తెలియడం లేదు. ఇన్నాళ్ళూ మీమీద అలిగి కూర్చున్నాను మావ్షీ."

"మామీదా? మేమేం చేశాం?"

"దీపావళి పోయాక పాత కార్పొరేటర్లం కొంతమందిమి ఆ సాహెబు దగ్గరికి పోయాం. ఎన్నికలు పెట్టండి, జనానికి పోయి అడగడానికి ఒక గుమ్మం లేకుండా పోయింది అని. మంచివాడే. ఛాయ్ తెప్పించాడు. గోడంత తెరమీద నా వార్డు చూపించాడు. అంతా పచ్చ. ‘మురార్‌రావ్, మీరున్నప్పుడు ఎన్ని మోర్చాలు, ఎన్ని కుండలు! ఇప్పుడొక్కటుందా? జనం రోజూ ఓటేస్తున్నారు. ఐదేళ్ళకోసారి వాళ్ళని ఎండలో నిలబెట్టడం దేనికిక?’ అన్నాడు. పైన సర్కారుకు కూడా అదే రాసి పంపానన్నాడు."

"మేం ఎప్పుడేశాం ఓటు?"

"రోజూ సాయంత్రం. దీపం పెట్టేవేళకు."

"అయ్యో, అది ఓటని మాకెవరు చెప్పారు?"

"నాకూ ఎవరూ చెప్పలేదు. మా నాన్న ఊడ్చాడు ఈ అరుగుమీద మీ కుండపెంకులు, నేనూ ఊడ్చాను. ఆఖరికి ఆ గల్లీయే నన్ను వద్దందనుకున్నాను. తలుపేసుకుని కూర్చున్నాను."

"పిచ్చివాడా! పెద్దవాడివయ్యావనుకున్నాను. సరే, ఇప్పుడు తెలిసిందిగా. ఇవాళ్టినుంచి ఒక్కటే నొక్కుతాం, గల్లీ మొత్తం, ఒకే ఒక్క స్టారు. ఆ పచ్చదనం సంగతేంటో చూద్దాం. ఎర్రగా మండాలి ఆయన గోడ. నీళ్ళూ వస్తాయి, ఎన్నికలూ వస్తాయి. దగడూకి నేను నచ్చజెప్పుకుంటాను. వాడి చావి ఎక్కడికి పోతుంది? నీళ్ళున్నన్నాళ్ళు తిప్పేవాడు కావాలిగా! లే, లే. బయటికి రా."

"మావ్షీ, కాస్త కూర్చో."

"నేను కూర్చోవడానికి రాలేదు."

"దగడూ చావి ఎక్కడుందిప్పుడు?"

"తలుపు వెనక. ఎప్పుడూ ఉండేచోటే."

"పొద్దున వాడు పనికి పోయినప్పుడు కూడా అక్కడే ఉందా?"

"కొత్తది ఇచ్చారేమో."

"అడిగావా?"

"బూజు పట్టింది దానికి. దులిపి మళ్ళీ అక్కడే పెట్టాను."

"అడిగావా మావ్షీ?"

"అడగలేదు. ఏంటి నువ్వు, పోలీసులాగా!"

"ఏ చొక్కా వేసుకుని పోతున్నాడు?"

"నీలం చొక్కా. జేబుమీద బొమ్మ ఉంటుంది. కంపెనీది... చెప్పేదేదో చెప్పెయ్ దాదా. చుట్టూ తిప్పకు."

"చావీవాలాలందర్నీ ఎప్పుడో తీసేశారు. వాల్వులకు డబ్బాలు బిగించారు, వాటంతటవే తిరుగుతాయి. సాహెబు గదికి పోయామన్నానే, ఆరోజు తెర పక్కన దగడూ నిలబడి ఉన్నాడు. నీలం చొక్కాలో. సాహెబు అడిగితే, ‘మా గల్లీ అంతా సంతోషంగా ఉంది సాహెబ్’ అన్నాడు. నా ముఖం చూడలేదు. ఇప్పుడు వాడి పని అదే మావ్షీ. స్టార్లు నొక్కించడం. గల్లీ పచ్చగా ఉన్నన్నాళ్ళే వాడికి జీతం. తగ్గితే పంపేస్తారు. ఆ ఒక్కటీ నీకు నిజమే చెప్పాడు. నన్ను తిట్టు పోనీ."

"కోడలికి తెలుసు."

"ఎలా చెప్తావు?"

"మొన్న నీళ్ళు లేవని ఏడుస్తూనే ఐదు స్టార్లూ నొక్కింది. పిల్ల ఒళ్ళో ఉంది. నేను అడగకముందే నొక్కేసింది. మంచి పిల్ల అనుకున్నాను."

"ఇటు చూడు. లేచాను. చెప్పులు కూడా వేసుకోను. గొడుగు వద్దు, ఏం వద్దు. నువ్వన్నట్టే నిలబడతాను. ఇన్నాళ్ళకు నన్ను తిట్టడానికైనా ఒకరొచ్చారు. పిలు వాళ్ళని. ఏమేవ్, అరుగుమీద ఆ తులసి కుండీ కాస్త పక్కకు జరుపు, పెంకులు తగులుతాయి!"

"ఆగు."

"జరగనీ, పర్లేదు—"

"ఆగమన్నానా! నీళ్ళు లేకపోతే పిల్ల వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో ఉంటుంది. జీతం లేకపోతే ఎక్కడుంటుంది?"

"మరి సోమవారం?"

"తీసుకుపోనీ. అక్కడ బావి ఉందట. వాడు ఇక్కడినుంచి డబ్బులు పంపిస్తాడు. నువ్వు లోపలికి పో దాదా."

"మావ్షీ, నేను వచ్చాను గదా, గుమ్మంలోకి వచ్చాను గదా—"

"లోపలికి పోయి గడియ పెట్టుకో. నా మాట విను. పెట్టుకున్నావా? గట్టిగా... ఏ గయాబాయీ! ఎండలో ఎందుకే నిలబడ్డారు, పదండి ఇళ్ళకు! దాదా ఇంట్లో లేడు. ఎవరూ లేరు. కుండలు జాగ్రత్త, పై ఏటికి పనికొస్తాయి. తుళసా, నువ్వుండు. నిన్నటి ఐదు స్టార్లు ఇంకా నొక్కలేదుగా? ఏదీ, ఫోన్ తియ్యి. వేలు ఇటివ్వు."