ముగ్గురాయి గుంత చూసేకి పోయినాము

“అవ్వా, మా ఆఫీసోళ్లమంతా కలిసి ఊటీకి బస్సు మాట్లాడినాము. నువ్వూ తాతా గూడా రాండి.”

మమ్మల్నా? టూరుకా? మీ నాయనకు తెలిసే పిలుస్తాండావా పాపా? తెల్దు గదా. అనుకుంటి. ఈ ఇంట్లో టూరు అనే మాట ఎత్తి ఐదేండ్లో ఆరేండ్లో ఆయె. మీ తాత మగ్గం దిగిన ఏడు... కాదులే, ఆ మరుసటేడు. నువ్వు హాస్టల్లో ఉంటివి అప్పుడు, నీకు ఎవరు చెప్తారు.

మీ నాయన మంచికే చేసినాడు, నేను కాదనను. నలభై ఐదేండ్లు ఒకే గుంతలో కాళ్లు పెట్టుకొని మగ్గం నేసిన మనిషి, మోకాళ్లు పొయ్యి బయటకొచ్చినాడు, రొంత లోకం చూడనీ అని మా ఇద్దరి పేర్లూ రాయించినాడు. మూడు దినాలు, పదకొండు తావులు. తిండి వాళ్లదే, పడక వాళ్లదే. మనం చేసేది ఒకటే పని, విజిలు ఊదితే లేచి బస్సెక్కేది.

ఎక్కంగానే టోపీలిచ్చిరి. పసుప్పచ్చవి, ముప్పై ఎనిమిది మందికీ. కొప్పు మీద టోపీ ఎట్ల నిలుస్తాది చెప్పు? మీ తాత మాత్రం చక్కగా పెట్టుకున్నాడు. మమ్మల్ని తిప్పే ఆయప్ప పేరు ప్రసాదు. మాట మంచిదే, అరిచి అరిచి గొంతు పాయె, అందుకని విజిలు. మహానందిలో నీళ్లు అద్దం మాదిరి ఉంటాయి గదా, కాలు పెడదామని చీర ఎత్తి పట్టుకున్నానో లేదో, విజిలు. అహోబిలంలో సామి మొగం చూసినానా లేదా అని ఇప్పటికీ అనుమానమే. వాళ్లు తీసిన ఫోటోలో మాత్రం బాగా చూసినట్లే ఉండాను.

మీ తాతకు నచ్చింది పాపా, అది చెప్పాల. మగ్గం మనిషి గదా, ఏ పనికైనా ఒక లెక్క ఉంటే ఆయనకు నిమ్మళం. విజిలు వినపడితే అందరికంటే ముందు లేస్తాండె. నాకే ఊపిరాడలేదు.

రెండో దినం బస్సులో ప్రసాదు చదివినాడు, రేపు ఒంటిమిట్ట అని. నా పానం లేచొచ్చె. ఒంటిమిట్ట దాటి పోతే మంగంపేట. నేను పుట్టింది ఆడ. మా నాయన గూడా మగ్గం మనిషే, మగ్గం కూడు పెట్టక ముగ్గురాయి గనిలో కూలికి పోయినాడు. నాకు పదహారో ఏట పెండ్లై ఈ ఎమ్మిగనూరికి వస్తి. మా నాయన పాయె, అమ్మ పాయె, ఇంక ఆ ఊరికి ఎవరికోసరం పోతాము? పనేం లేకున్నా ఊరికే ఊరు చూసొస్తామంటే ఆ కాలంలో నవ్వుతాండ్రి. ఆదోనికి ముప్పావలా ఛార్జీ అప్పుడు, దానికే పదిసార్లు ఆలోచన... ఆ, ఏం చెప్తాంటి? ప్రసాదును అడిగితి. రొంత ముందుకు పోనిస్తే మా ఊరు నాయనా, అరగంట చాలు అంటి. ఆయప్ప చేతిలో కాగితం చూసె, నన్ను చూసె.

“రాళ్ల గుంత చూసేకి దుడ్లిచ్చి ఎవరొస్తారు పెద్దమ్మా?” అనె.

నిజమే గదా. ఆ మధ్యాన్నం మమ్మల్ని గండికోటకు తీసుకపోయినాడు. ఆడ ఏముండాది? పెన్న తొలిచిన రాళ్ల గుంత.

కానీ బాగుండాది పాపా, అబద్ధం చెప్పకూడదు. యాడో కింద పచ్చగా నీళ్లు, కదుల్తాండాయో లేదో తెలీదు. రెండు పక్కలా ఎర్రరాయి, ఎవరో కొలత పెట్టి పేర్చినట్ల. మేమిద్దరం ఒక బండ మీద కూచుంటిమి. టోపీలకు చెమట పడతాందని బస్సులోనే పెట్టి వస్తిమి. ఇరవై నిమిషాలని చెప్పినాడు ప్రసాదు. మోకాళ్ల మనిషి, ఆ బండ చేరేకే పదహైదు నిమిషాలు పట్టె. కూచున్నామో లేదో విజిలు. మీ తాత లేచినాడు. నేను లేవలేదు.

కాళ్లు నొస్తాండాయా అన్నాడు.

“కాళ్లు బాగుండాయి. నేను రేపు మంగంపేటకు పోతా. నువ్వు బస్సులో పో.”

ఇన్నేండ్ల కాపురంలో ఆయనకు అట్ల చెప్పింది అదే మొదలు. చెప్పినాక నాకే భయమైంది. నిజంగా పోతే ఏం చేద్దును? దారి తెల్దు, ఫోను ఆయన జోబులో. ఇంకోసారి విజిలు ఊదిరి. ఆయన బస్సు పక్క చూసె, నా పక్క చూసె. నిలబడినాడు, నిలబడినాడు, కడాకు చెయ్యి బండకు ఆనించుకొని మెల్లగా కూచున్నాడు. మూడోసారి విజిలు రాలేదు.

ఎందుకు రాలేదంటే, కోటలో ఉండే మొగుడూ పెండ్లాం ఎవరో జమ్మలమడుగుకు పోవాలని డ్రైవర్ను బతిమాలి మా సీట్లలో కూచున్నారంట. సీట్లలో టోపీలుంటే, ఎక్కినోళ్లు పెట్టుకోవాలేమో అని పెట్టుకున్నారంట. ప్రసాదు టోపీలు లెక్కేసినాడు. ముప్పై ఎనిమిది. సరిపాయె.

జమ్మలమడుగులో రెండు టోపీలు దిగి ఇంటి దోవ పట్టినాక తెలిసొచ్చింది. ఫోను చేసినాడు, పాపం ఏడుపొక్కటే తక్కువ. బస్సు తిప్పుకొని వస్తా, యాడికీ కదలొద్దండి అంటాడు. మీ తాత నిదానంగా, వద్దు నాయనా, మేము బాగుండాము, మా సంచి బస్టాండులో టీ అంగడి కాడ ఇచ్చిపో అని ఫోను పెట్టేసినాడు. పొద్దు దిగేదాకా కూచుంటిమి. ఆటోలో జమ్మలమడుగు, ఆడ్నించి కడప, తెల్లారి మంగంపేట పక్క పోయే కోడూరు బస్సు. కిటికీ కాడ నేను, ఆయన ఒళ్లో చెనిక్కాయల పొట్లం. ఆ బస్సులో మమ్మల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

మంగంపేటలో గని కాడ కాపలా ఆయన లోపలికి పోకూడదనె. ఈడ పుట్టినదాన్నప్పా అంటే, ఏ వీధి అనె. చెప్తే ఆ పేరే వినలేదంట. అయినా మంచోడు, పక్కన ఎత్తు గడ్డ దాకా తీసుకపొయ్యి ఈడ్నించే చూడండి అనె.

చూస్తి. మా వీధి లేదు. గుంత. మెట్లు మెట్లుగా దిగి, అడుగున లారీలు చీమల మాదిరి. మా నాయన వాళ్లు తవ్విన గనే, పెరిగి పెరిగి మా ఇంటి దాకా వచ్చినట్టుండాది. నాకు ఏడుపు రాలేదు పాపా, నవ్వొచ్చె. ఇంత దూరం కొట్లాడొస్తే, ప్రసాదు చెప్పిందే నిజమాయె.

మీ ఇల్లు యాడ అని అడిగినాడు మీ తాత. గుంత నడుమ ఉత్త గాల్లోకి వేలు చూపిస్తి. ఆయన నా వేలు వెంబడే చూసి, “పొయ్యి ఏ పక్కుండె?” అన్నాడు. చూపిస్తి. నువ్వు పండుకొనేది యాడ అన్నాడు. అదీ చూపిస్తి. మా నాయన గని నుంచి వచ్చి కాళ్లు యాడ కడుక్కొనె అని గూడా అడిగినాడు. ఇన్నేండ్లలో ఒక్కసారి అడిగింటే ఒట్టు. ఆ మగ్గం సప్పుడులో ఏం అడుగుతాడులే. ఆ పొద్దు ఆయన అడుగుతానే ఉండె, నేను చెప్తానే ఉంటి. కాపలా ఆయన గూడా వింటా నిలబడె. అప్పుడొచ్చింది ఏడుపు.

ఇంటికొస్తే, ముసిలోళ్లను దోవలో వదిలేసినారని మీ నాయన టూరు ఓనరుతో కొట్లాట పెట్టుకొనుండె. మేము గూడా తప్పిపోయినామనే చెప్పుకుంటిమి, ఒప్పుకుంటా. అందరూ అయ్యో పాపం అంటాంటే బాగనే ఉండె. మూడో దినం ప్రసాదు పండ్లు పట్టుకొని వచ్చినాడు. వచ్చి మీ తాత కాళ్లు పట్టుకున్నాడు. ఓనరు పనిలోనుంచి తీసేస్తా అన్నాడంట. మీ నాయన పక్కనే నిలబడి తిడతాండాడు.

మీ తాత ఆయప్పను లేపినాడు. “ఈయన తప్పేం లేదురా. విజిలు రెండుసార్లు వినపడింది. మేమే ఎక్కలేదు.”

మీ నాయన మొగం చూడాల్సింది నువ్వు. ఎందుకెక్కలేదు అన్నాడు.

“మీ అమ్మకు లేవాలని లేదు.”

అంతే. మీ నాయనే ఓనరుకు ఫోను చేసి ఆయప్ప పని నిలబెట్టినాడు, మాతో మాత్రం వారం మాట్లాడలేదు. ప్రసాదు కాఫీ తాగి పోతా పోతా గడప కాడ నిలబడి, “గండికోటకు ఎన్నిసార్లు పోయినానో లెక్కలేదు పెద్దమ్మా. ఆ బండ మీద ఒక్కనాడు గూడా కూచోలేదు” అనె.

నువ్వు పోయిరా తల్లీ. జతగత్తెలతో నవ్వుకుంటా సల్లగా పోయిరా, సల్లగా రా. ఆడ చలంట, చెవులకు గుడ్డ కట్టుకో. మేము రాములే. మీ తాత ఆలూరు బస్సు ఎప్పుడుందో కనుక్కొనొస్తానని పొద్దున పాయె, ఇంకా రాలేదు. ఆలూరులో ఏముండాది అంటే, నాకేం తెలుసు, పోతే గదా తెలిసేది అంటాడు...